పైపొర సంగతి సరే, నడుము కొలత ఎంత?

ప్రశ్న: మా నాన్నగారికి 52వ ఏట గుండెపోటు వచ్చింది. నాకిప్పుడు 41. ఎర్ర రక్తకణాల పైపొర మారితే గుండెజబ్బు వస్తుందని చదివాను. ఇక్కడ జీపీ చేయించిన పరీక్షలో ఏ1సీ 44 వచ్చింది. సంక్రాంతికి హైదరాబాద్ వెళ్తున్నాం. ఈ పైపొర పరీక్ష అక్కడ ఏ ల్యాబ్‌లో చేస్తారు? ఫుల్ బాడీ చెకప్‌తో పాటే చేయించేస్తాను.
– ఓ పాఠకుడు, క్లోనీ

జవాబు: ముందు ఆ 44 సంగతి. ఐర్లండ్‌లో ఏ1సీని మిల్లీమోళ్ళలో ఇస్తారు, మన దగ్గర శాతాల్లో. మీ 44 మన లెక్కలో 6.2. 48కి, అంటే 6.5కి చేరితే మధుమేహమే. మీరు గుమ్మం దాకా వచ్చేశారు.

మీరు చదివింది అబద్ధం కాదు. ఎర్రకణం వెడల్పు 7, 8 మైక్రాన్లు. అది దూరాల్సిన కేశనాళికలు చాలాచోట్ల అంతకన్నా ఇరుకు. వంగి, సాగి దూరిపోవాలి. రక్తంలో చక్కెర ఎక్కువైతే అది కణం లోపలి హిమోగ్లోబిన్‌కే కాదు, పొరలోని ప్రొటీన్లకూ అతుక్కుంటుంది. కణం బిరుసెక్కుతుంది. పొర మీది సియాలిక్ ఆమ్లం వల్ల కణాలకు రుణావేశం ఉంటుంది, అందుకే ఒకదాన్నొకటి తోసుకుంటూ విడివిడిగా తిరుగుతాయి. ఆ ఆవేశం తగ్గితే నాణేల దొంతరలా అంటుకోవడం పెరుగుతుంది. పొరకు లోపలి వైపు ఉండాల్సిన ఫాస్ఫాటిడైల్‌సెరిన్ అనే కొవ్వు పదార్థం, కణం దెబ్బతిన్నప్పుడు బయటికి తిరుగుతుంది. రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలు దాని మీద వచ్చి చేరతాయి. ధమని గోడలోని పూడికలో రక్తస్రావమైతే, చితికిన ఎర్రకణాల పొరల్లోని కొలెస్ట్రాల్ కూడా ఆ పూడికకే తోడవుతుందని 2003లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం చూపింది.

కానీ ఇవన్నీ పరిశోధనశాలలో చూసే సంగతులు. పైపొరను పరీక్షించి దాన్నిబట్టి గుండెకు మందు రాసే పద్ధతి వాడుకలో లేదు. ఆ పేరుతో ఎవరైనా ప్యాకేజీ అమ్మితే కొనకండి. పొరను పాడుచేసే వాటిలో ముఖ్యమైనది చక్కెర. దాని కొలత మీ చేతిలోని కాగితం మీదే ఉంది.

మనవాళ్ళతో నా గొడవ ఎప్పుడూ ఇదే. ఊరెళ్ళిన ప్రతిసారీ అరవై పరీక్షలు చేయించుకుంటారు, ఫైలు సూట్‌కేసులో పెట్టుకుని తిరిగొస్తారు, ఒక్క అంకె మీదా కూర్చుని ఆలోచించరు. టేపు తీసుకుని నడుము కొలిచారా? మన మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటకూడదు. మనవాళ్ళు సన్నగా కనిపిస్తూనే పొట్టలో కొవ్వు దాచుకుంటారు.

పరాయి దేశపు చలిదీ, ఉద్యోగపు ఒత్తిడిదీ తప్పనుకోకండి. గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో సంభవించిన మరణాలను పరిశీలించి 2006లో ప్రచురించిన లెక్కల్లోనే దాదాపు మూడోవంతు గుండె, రక్తనాళాల జబ్బులవి. మీ నాన్నగారికి 55 లోపే వచ్చింది కాబట్టి మీరు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. బీపీ, ఎల్‌డీఎల్ చూపించుకోండి. లైపోప్రొటీన్-ఏ జన్మలో ఒక్కసారి చేయించుకుంటే చాలు, అది మాత్రం తప్పక చేయించండి. డాక్టర్ స్టాటిన్ రాస్తే గూగుల్ చూసి మానేయకండి.

రాత్రి తొమ్మిదిన్నరకు పళ్ళెం నిండా అన్నం, మళ్ళీ పెరుగన్నం, వెంటనే పక్క ఎక్కడం – ఇది మానండి. ఏడింటికల్లా తినండి. అన్నం సగం చేసి పప్పూ కూరా పెంచండి. తిన్నాక పావుగంట నడవండి. వానంటారా, బ్లాంచర్డ్స్‌టౌన్ షాపింగ్ సెంటర్ లోపల నడవండి, అక్కడ గొడుగు కూడా అక్కర్లేదు. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. ఎముక మజ్జ క్షణానికి ఇరవై లక్షల కొత్త కణాలను తయారుచేస్తూనే ఉంటుంది. ఈ రోజు మొదలుపెడితే నాలుగు నెలల్లో మీ ఒంట్లో దాదాపు అన్నీ కొత్త కణాలే. వాటిని తక్కువ చక్కెరలో పెరగనివ్వండి.

ప్రశ్న: నాది ఓ గ్రూపు రక్తం. మాకు గుండెపోటు రాదంటారు, నిజమేనా? సిగరెట్ అలవాటుంది.
– మరో పాఠకుడు, ఆంగర్

జవాబు: గ్రూపు తేడా ఎర్రకణం పైపొర మీది చక్కెరల్లోనే ఉంటుంది, ఓ వాళ్ళకు ముప్పు కాస్త తక్కువే, సిగరెట్ ముందు ఆ కాస్తా నిలవదు, మానేయండి.

ప్రశ్న: నాకు హిమోగ్లోబిన్ 9.8. శాకాహారిని. ఏ1సీ 43 వచ్చింది, షుగర్ మొదలైందా? ఐరన్ మాత్రలు రాశారు గానీ, ఐరన్ ఎక్కువైతే ప్రమాదమని పక్కింటి ఐరిష్ ఆవిడ భయపెట్టారు.
– ఓ గృహిణి, క్లోనీ

జవాబు: ఇనుము లోపిస్తే ఏ1సీ ఉన్నదానికంటే పెరిగి కనిపించవచ్చు. బీ12 లోపించినా అంతే. ఫెరిటిన్, బీ12తో పాటు పరగడుపు షుగర్ చూపించుకోండి. రక్తహీనత తగ్గాకే ఏ1సీని మళ్ళీ నమ్మండి. మీ పక్కింటావిడ చెప్పింది వాళ్ళ విషయంలో నిజమే. ఒంట్లో ఇనుము పేరుకుపోయే హీమోక్రొమటోసిస్ అనే వంశపారంపర్య జబ్బు ఐరిష్ వాళ్ళలో చాలా ఎక్కువ. మీకున్నది లోపం. డాక్టర్ చెప్పినన్నాళ్ళు మాత్రలు వేసుకోండి, వేసుకునేటప్పుడు టీ, కాఫీ తాగకండి.

ప్రశ్న: మా అత్తయ్య గారు గుంటూరు నుంచి వచ్చారు. ఆరు నెలల క్రితం స్టెంట్ వేశారు. వెల్లుల్లి తింటే రక్తం పల్చబడుతుందని ఎకోస్ప్రిన్ మానేశారు.
– ఓ కోడలు, క్లోనీ

జవాబు: ఈ రోజే అక్కడి గుండె డాక్టర్‌కు ఫోన్ చేసి, మాత్ర మళ్ళీ ఎలా మొదలుపెట్టాలో అడగండి. స్టెంట్‌లో గడ్డ కడితే వెల్లుల్లి కాపాడదు. ఛాతీలో నొప్పి, చెమటలు, ఆయాసం వస్తే ఇంటి వైద్యం చూడకుండా 112కి చేయండి.