పీహెచ్‌డీ చేస్తే నెలనెలా డబ్బులు... దారులివీ!

దమ్మపేట మండలంలో పామాయిల్ గెలలు కోసిన రైతుకు ఒకటే కంగారు. అవి ఇరవైనాలుగు గంటల్లోపు అప్పారావుపేట ఫ్యాక్టరీ గేటు దాటాలి. ఆలస్యమయ్యేకొద్దీ, నలిగిన పండ్లలోని ఎంజైమ్ నూనెను విడగొట్టి ఫ్యాటీ ఆమ్లాలను పెంచుతుంది. నూనె నాణ్యత పడిపోతుంది. ట్రాక్టర్ తోలేవాళ్లకు ఇది రోజూ ఉండే తలనొప్పి. ఆ రైతు ఇంట్లో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదివిన అమ్మాయికి ఇదే పీహెచ్‌డీ అంశం కావచ్చు.

"ఇంకా అయిదేళ్లు చదువా? డబ్బులెక్కణ్నుంచి తేవాలి?" అంటారు ఇంట్లో. ఫెలోషిప్ వస్తే ఎదురు వాళ్లే ఇస్తారని చెప్పండి.

నెట్, గేట్: సైన్స్ పీజీ వాళ్లకు సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ పెద్ద దారి. ఇందులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, ఆపైన ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో)గా రూ.42,000 ఇస్తారు. హాస్టల్ లేకపోతే ఇంటి అద్దె అదనం. అయితే జేఆర్‌ఎఫ్ వచ్చినంత మాత్రాన సీటు వచ్చినట్టు కాదు. హైదరాబాద్‌లోని ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ, సెంట్రల్ యూనివర్సిటీ ప్రకటనలు చూసి విడిగా దరఖాస్తు చేసి, ఇంటర్వ్యూలో నెగ్గాలి. ఇంజినీరింగ్ వాళ్లకు గేట్ స్కోరుతో ఐఐటీ హైదరాబాద్, నిట్ వరంగల్ లాంటివి ఉన్నాయి.

గిరిజన విద్యార్థులకు: కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఏటా 750 మందికి జాతీయ ఫెలోషిప్ ఇస్తోంది. విదేశాల్లో చదవాలనుకునే మరో 20 మందికి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. మన కోయ పిల్లలు ఈ రెండు నోటిఫికేషన్లనూ వదలకూడదు. కుల, ఆదాయ ధ్రువపత్రాలు ముందే తీసి పెట్టుకోండి.

ప్రాజెక్టులు: నెట్ రాకపోయినా దారి మూసుకుపోదు. పరిశోధన సంస్థలు తమ ప్రాజెక్టుల్లో జేఆర్‌ఎఫ్‌లను వాక్-ఇన్ ఇంటర్వ్యూలతో తీసుకుంటాయి. ఏలూరు దగ్గర పెదవేగిలో ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉంది. అలాంటి చోట్ల వెబ్‌సైట్లను వారానికోసారి చూడండి. చేరేముందు రెండు విషయాలు అడగండి: ప్రాజెక్టు ఇంకా ఎన్నేళ్లు ఉంది? పీహెచ్‌డీకి రిజిస్టర్ చేయిస్తారా? ప్రాజెక్టు ముగిసిందంటే స్టైపెండూ ఆగిపోతుంది.

విదేశాలు: అమెరికాలో టీచింగ్, రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ వస్తే సాధారణంగా ఫీజు మాఫీ, పైన స్టైపెండ్. జర్మనీలో చాలా పీహెచ్‌డీలు కాంట్రాక్ట్ ఉద్యోగాలే. ఎవరైనా "లక్షలు కడితే పీహెచ్‌డీ సీటు ఇప్పిస్తాం" అంటే ఆ గుమ్మం తొక్కకండి.

ఇక గైడ్‌కు మెయిల్. "గౌరవనీయులైన సార్, మీ ల్యాబ్‌లో అవకాశం ఇప్పించండి" అని యాభై మందికి ఒకేసారి పంపితే ఎవరూ చదవరు. ఆ గైడ్ పరిశోధన పేపర్ ఒకటి చదివి, అందులో మీకు వచ్చిన అనుమానం మూడు వాక్యాల్లో రాయండి: "మీరు గెలలను ల్యాబ్‌లో నిల్వ చేసి చూశారు. మా ఊళ్లో అవి ఎండలో, ట్రాక్టర్ మీద గంటలకొద్దీ ఉంటాయి. ఫలితం మారుతుందా?" మార్కుల జాబితా దాని తర్వాతే.

ఆ మూడు వాక్యాలు రాయాలంటే ముందు చూసి ఉండాలి. ఈసారి కోతప్పుడు నోట్‌బుక్ పట్టుకుని తోటకెళ్లండి. గెల ఏ టైముకు కోశారో, తూకానికి ఏ టైముకు చేరిందో రాసుకోండి. నాలుగు కోతలయ్యేసరికి ఇంటర్వ్యూలో చెప్పడానికి మీ సొంత లెక్కలుంటాయి.