ఒంటిచక్రం ఎక్కుతవా చెల్లె? ముందుగాల దిగుడు నేర్చుకో

ఒంటిచక్రం సైకిల్ అంటే మన దిక్కు ఎవ్వరికైనా సర్కసే యాదికొస్తది. గందుకే నువ్వు "అక్కా, దాన్ని మెండోర రోడ్డు మీద నడుపుత" అంటే అమ్మ దగ్గర్నుంచి వాకిట్ల బీడీలు చుట్టే చిన్నమ్మ దాకా అందరు ముక్కు మీద వేలేసుకున్నరు. నేను నవ్వ, వద్దని కూడ అన. ఒక్క షరతు మాత్రం పెడ్త. నడుపుడు కంటె ముందుగాల దిగుడు రావాలె. అది రానిది రోడ్డు ముచ్చటే లేదు.

ఎందుకంటవా? మామూలు సైకిల్‌కు చైను ఉంటది, కాళ్లు ఆపినా చక్రం దొర్లుకుంట పోతది. దీనికి చైను ఉండదు, పెడళ్లు నేరుగ చక్రం ఇరుసుకే బిగించి ఉంటయి. కాళ్లు తిరిగితేనే చక్రం తిరుగుతది. కాళ్లు టక్కున ఆపితే చక్రం ఆగుతది, ఒళ్లు మాత్రం ముందటికి పోతది. పట్టుకుందామంటే హ్యాండిల్ లేదు, చిన్నవాటికి బ్రేకు కూడ ఉండదు. 24 అంగుళాల చక్రం ఒక్క చుట్టు తిరిగితే రెండు మీటర్లకు కొంచెం తక్కువ పోతది. జోరుగ తొక్కినా గంటకు పది కిలోమీటర్ల చిల్లరే.

ఇప్పుడు మన పక్కపొంటి పోయే 44వ నంబరు హైవే చూడు. 80 స్పీడుల వచ్చే లారీ ఒక్క సెకండుల 22 మీటర్లు దాటుతది. నువ్వు మూడు సెకండ్లు తూలినవనుకో, అది 66 మీటర్లు వచ్చేస్తది. పక్కనుంచి పోయినప్పుడు దాని గాలికి మామూలు సైకిలే ఊగుతది, ఇగ ఒంటిచక్రం సంగతి చెప్పాల్నా? శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే ఆ రోడ్డు మీద నీకు చోటు లేదు. పోచంపాడు చౌరస్తా కాడ దాటాల్నంటే దాన్ని చేత పట్టుకొని నడిచి దాటు. దీంట్ల బేరం లేదు.

సరే, దిగుడు ఎట్లనో చెప్త, మంచిగ విను. ఒక పెడలు కిందికి, ఒక పెడలు పైకి ఉన్నప్పుడు దిగాలె. కింది పెడలు మీద బరువు వెయ్యి. ఒక చెయ్యి సీటు ముందటి కొనను గట్టిగ పట్టాలె. పై పెడలు మీది కాలును ఎనుకకు తీసి భూమి మీద పెట్టు, ఆ ఎంబడే రెండోది. సైకిల్ నీ చేతులనే ఉండాలె. ఎందుకంటే చెయ్యి ఇడిస్తే నువ్వొక దిక్కు పడ్తవు, అది ఎగిరి రోడ్డు నడుమకు పోతది. ఎనుకొచ్చే బైకు పిల్లగాడు దాన్ని తప్పించబోయి పడ్తడు. నీ దెబ్బ నీకే కాదు, మందికి కూడ తగులుతదని మతిల పెట్టుకో.

పడుడు గూడ తెల్వాలె. ముందటికి పడితే భయం తక్కువ, అడ్డం హ్యాండిల్ లేదు గదా, రెండు అడుగులు ఉరికి నిలబడ్తవు. ఎనుకకు పడితేనే పరేషాన్. అరచేతులు ఆనిస్తం, మణికట్టు ఇరుగుతది. గందుకే హెల్మెట్‌తోని పాటు చేతులకు మణికట్టు పట్టీలు కావాలె. స్కేటింగు పిల్లలు పెట్టుకుంటరే, అవే.

ఇగ రోడ్డు ముచ్చట. శ్రీరాంసాగర్ నీళ్లు ఉన్నయి గన్క మన దిక్కు రెండు కార్లు పంట. వానకాలం వడ్లు, మక్కలు కోసినప్పుడు, మళ్ల యాసంగి వడ్లు వచ్చినప్పుడు ఊరి రోడ్డు సగం కల్లమే అయితది. ఒంటిచక్రం వడ్ల మీద ఎక్కిందంటే గింజలు టైరు కింద దొర్లి జర్రున జారుతది. దానికంటె చెడ్డవి పరదా ఎగురకుండ పెట్టిన రాళ్లు. వడ్లు ఎత్తుకపోయినంక కూడ అవి ఆడనే ఉంటయి. చీకట్ల మోటరుసైకిలోళ్లే వాటికి తట్టుకొని పడ్తున్నరు. నీకైతే పిడికెడంత రాయి చాలు, చక్రం ఆగుతది, నువ్వు ఎగురుతవు. కేజ్‌వీల్ ట్రాక్టరు నడిచిన రోడ్డు మీద అడ్డం గీట్లు పడ్డకాడ, స్పీడ్ బ్రేకర్ కాడ గూడ దిగి నడువు. నామోషీ ఏం లేదు.

రోడ్డుకు ఎడమ దిక్కే ఉండు, కానీ కొనకు పోకు. తారు అంచు మొరం మీదికి జానెడు దిగిపోయి ఉంటది, అందుల పడ్డ చక్రం మళ్ల పైకెక్కది. అంచుకు ఒక మూరెడు లోపటనే నడుపు. చూపు దూరం పెట్టాలె. నెత్తి మీద బిందె ఎత్తుకున్న అమ్మ కాళ్ల దిక్కు చూసుకుంట నడుస్తదా? ఇదీ అంతే. ఎనుక హారన్ కొడితే తిరిగి చూడకు, మెడ ఎటు తిరిగితే చక్రం అటే పోతది. హారన్ ఇనబడంగనే ఎడమకు దిగి నిలబడు. చెవులల్ల ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నవంటే మాత్రం నేనే గుంజిపారేస్త.

చెరుకు ట్రాక్టరు వస్తే ట్రాలీ వెడల్పు చూసి మోసపోకు. చెరుకు గడలు రెండు పక్కల బయటికి వచ్చి ఉంటయి, ట్రాలీ తప్పినా గడ తగులుతది.

కాకతీయ కాలువ గట్టు ఖాళీగ ఉంటది, ఆడ నేర్చుకుంట అంటవేమో. వద్దు చెల్లె. ఆడ బండ్లు రావు, నిజమే. కానీ తూలితే పట్టుకునేందుకు గోడ ఉండదు, నీళ్లు ఇడిచినప్పుడు పడ్డోళ్లు పైకి రావుడు కష్టం. బడి మైదానంల, ప్రహరీ గోడ పట్టుకొని మొదలువెట్టు. తర్వాత మన వాడల సీసీ రోడ్డు, అది గూడ పొద్దుగాల్నే, స్కూలు బస్సులు ఆటోలు తిరగకముందు. ఊరికి ఊరికి నడుమ రోడ్డు ఆఖరికి. పొద్దుగూకినంక అసలే వద్దు.

బట్టల ముచ్చట మనం మనం మాట్లాడుకోవాలె. చున్నీ ఇంట్ల పెట్టు. అమ్మ ఊకోదంటే ఒంటికి అడ్డంగ సుట్టి గట్టిగ ముడెయ్యి. లూజు ప్యాంటు కాలు పెడలుకు సుట్టుకుంటది, బిగుతుది వేసుకో. బూట్ల లేసులు లోపటికి దోపు. కొట్టొచ్చినట్టు కనవడే రంగు అంగి తొడుక్కో.

ఇంకొకటి ఉన్నది, అది చక్రం కంటె బరువు. బైకుల మీద పిల్లగాండ్లు పక్కకొచ్చి ఫోన్‌ల వీడియో తీస్తరు, కూతలు పెడ్తరు. వాళ్ల కండ్లు నీ మీద, నీ మనసు వాళ్ల మీద, రోడ్డు మీద ఎవ్వరు లేనట్టే. కొట్లాట పెట్టుకోకు, దిగు. ఎంబడి పడితే 100కు కొట్టు, షీ టీమ్స్ ఉన్నయి. ఒక్కదానివి పోకు, దోస్తును సైకిల్ మీద ఎనుక రమ్మను. ఆమె చూస్తది, బండి వస్తే ఒర్రుతది.

ఆడపిల్ల గిదేం పని అన్నోళ్లకు పుదుక్కోట్టై ముచ్చట చెప్పు. తమిళనాడుల ఆ జిల్లాల 1990ల మొదట్ల అక్షరాస్యత ఉద్యమం నడిచింది. అప్పటి కలెక్టర్ షీలారాణి చుంకత్ చదువుతోని పాటు సైకిల్ నేర్చుకునుడు గూడ పెట్టించింది. రాళ్లు కొట్టేటోళ్లు, కూలికి పోయేటోళ్లు, అంగన్‌వాడీ టీచర్లు, వేలమంది ఆడోళ్లు నేర్చుకున్నరు. మందిల నవ్వులు వాళ్లకూ తప్పలే. కానీ గుంపుగ రోడ్డెక్కిండ్రు, చూసి చూసి ఊరోళ్లకే అలవాటయింది. జపాన్‌ల ఒంటిచక్రం సైకిళ్లు ప్రైమరీ బడులల్లనే ఉంటయి, ఆడపిల్లలు ఆటల పీరియడుల తొక్కుతరు. ఎడ్ ప్రాట్ అనే ఇంగ్లండ్ పిల్లగాడు 2015ల బయలెల్లి 2018ల ఇంటికి చేరిండు, 36 అంగుళాల ఒంటిచక్రం మీద ప్రపంచం చుట్టి. నువ్వు మాత్రం ఆ 36 అంగుళాలది ఇప్పుడే అడగకు. ఎత్తుకు ఎత్తు, స్పీడుకు స్పీడు, పడ్డప్పుడు ఉరికి నిలబడుడు కుదరది.

ఇగ నా పరీక్ష ఇది. సక్కగ గీత మీద నడువు. నేను చప్పట్లు కొట్టంగనే, రెండు అడుగుల లోపట, సీటు చేతుల పట్టుకొని దిగు. ఒకసారి దిగితే లెక్క కాదు, నేను ఎప్పుడు కొట్టినా దిగాలె. ఆనాడు అమ్మతోని నేనే మాట్లాడి నిన్ను ఊరి రోడ్డు మీదికి పంపిస్త. హైవే ఊసు మాత్రం ఎత్తకు.