రాగి చెంబు, వెలుతురు, హైడ్రోజన్

మా రావిర్యాలలో సెమీకండక్టర్ అంటే అందరికీ ఫ్యాబ్ సిటీనే గుర్తొస్తుంది. కానీ ఇంట్లో చింతపండుతో తోమే రాగి చెంబు మీద కూడా ఒక సెమీకండక్టర్ ఉంటుంది. చెంబు మీద ఎర్రటి మసకలా పట్టే క్యూప్రస్ ఆక్సైడే అది. నేను సీఎస్ఈ వాడినే, అయినా ఈ టాపిక్ నన్ను వదల్లేదు.

ఇంటర్‌లో మనం బట్టీ పట్టిన మాట ఒకటుంది: జింక్ ఆసిడ్‌లోంచి హైడ్రోజన్‌ని తరిమేస్తుంది, రాగి తరమలేదు. రాగికి కిలుము పట్టాలంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కావాలి. ఆక్సిజన్ అస్సలు లేకపోతే? లెక్క వేస్తే, గాలి పీడనాన్ని 1 పక్కన 16 సున్నాలున్న సంఖ్యతో భాగిస్తే వచ్చేంత హైడ్రోజన్ పుట్టగానే రియాక్షన్ ఆగిపోవాలి. అంటే దాదాపు ఏమీ లేనట్టే.

1986లో స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ హుల్ట్‌క్విస్ట్ స్వచ్ఛమైన నీళ్లలో రాగి నుంచి హైడ్రోజన్ వస్తోందని పేపర్ రాశాడు. గొడవ మొదలైంది. ఎందుకంటే స్వీడన్ వాళ్లు అణు వ్యర్థాల్ని 5 సెంటీమీటర్ల మందం రాగి డబ్బాల్లో పెట్టి, 500 మీటర్ల లోతు రాతిలో లక్ష ఏళ్లు దాచాలనుకుంటున్నారు. 2018లో అక్కడి పర్యావరణ కోర్టు రాగి తుప్పు గురించి ఇంకా వివరాలు కావాలంది. 2022లో ప్రభుత్వం అనుమతిచ్చింది.

ఇక వెలుతురు సంగతి. క్యూప్రస్ ఆక్సైడ్ బ్యాండ్ గ్యాప్ సుమారు 2 ఎలక్ట్రాన్ వోల్టులు. నీలం, ఆకుపచ్చ కాంతిని మింగేస్తుంది, ఎరుపుని వదిలేస్తుంది. ఆ రంగు అందుకే. మింగిన కాంతితో ఒక ఎలక్ట్రాన్ పైకి లేచి నీటివైపు వస్తుంది. నీళ్లలోంచి హైడ్రోజన్ లాగడానికి దానికి శక్తి సరిపోతుంది కూడా! కానీ ఆక్సిజన్ ఉంటే ముందు అదే ఆ ఎలక్ట్రాన్‌ని పట్టేసుకుంటుంది. లేకపోతే ఎలక్ట్రాన్ ఆక్సైడ్‌నే తిరిగి రాగిగా మార్చేస్తుంది, వెనక మిగిలిన హోల్ ఆక్సైడ్‌ని ఇంకా ఆక్సిడైజ్ చేస్తుంది. అంటే పని చేస్తూ చేస్తూ తనని తానే తినేస్తుందన్నమాట. 2011లో స్విట్జర్లాండ్‌లో గ్రాట్జెల్ బృందం దీని మీద పల్చటి ఆక్సైడ్ పొరలు కప్పి కాపాడింది, హైడ్రోజన్ తీసింది.

నాకు ఇందులో ముఖ్యమనిపించింది ఇదీ: భూమి లోపల చీకటి, ల్యాబ్‌లో ట్యూబ్‌లైట్. గాజు సీసాలో రాగి పెట్టి కొలిచేవాడు లైట్ సంగతి రాసుకోకపోతే, వచ్చిన నంబర్ రాగిదా, కాంతిదా? మన భాషలో చెప్పాలంటే, లాగ్ చేయని వేరియబుల్.

ఎవరైనా క్లబ్‌లో చేసి చూస్తానంటే ఒక మాట. ఎండలో పెట్టిన రాగి రేకు మీద బుడగలు కనిపిస్తే హైడ్రోజన్ అని ఎగిరిపోకండి. నీళ్లు వేడెక్కితే కరిగిన గాలి కూడా అలాగే బుడగలై వస్తుంది. నీళ్లు మరిగించి చల్లార్చి, ఒకే వేడిలో రెండు సీసాలు పెట్టండి, ఒకదానికి ఫాయిల్ చుట్టండి. ఇంకో రెండిట్లో రాగి లేకుండా నీళ్లే పెట్టండి.