మనలను నిలుపు కీలు

నేను ఎనిమిదవ తరగతి చదువుచుండిన దినములలో మా యింట నొక దుర్ఘటన జరిగెను. అది శ్రావణమాసము. వాన వెలసిన తెల్లవారుజామున మా నాయనమ్మ నూతిగట్టునకు పోయి, పాచి పట్టిన రాతిపై కాలు జారి ప్రక్కకు పడెను. ఎత్తునుండి పడలేదు, నిలుచున్న చోటనే పడెను. అయినను లేవలేకపోయెను. మేము పరుగెత్తుకొని పోయి చూచునప్పటికి ఆమె కుడికాలు ఎడమకాలికంటె పొట్టియైనట్లు కనబడెను. పాదము వెలుపలి వైపునకు తిరిగిపోయి యుండెను. “ఈ కాలు నాది కానట్లున్నది, నాయనా” అని మాత్రమే ఆమె పలికెను.

అంతకు వారము దినముల ముందు నేను జామచెట్టు కొమ్మనుండి నేలపై పడితిని. మోకాటి చర్మము గీచుకొనిపోవుట తప్ప నాకేమియు కాలేదు. కొమ్మనుండి పడిన నాకు విరుగని ఎముక, నిలుచున్న చోట పడిన నాయనమ్మకు ఏల విరిగెను? ఈ ప్రశ్న నా మనస్సును వదలలేదు.

పట్టణమునందలి ఆసుపత్రిలో వైద్యుడు ఎక్సురే పటమును వెలుతురునకు ఎత్తి చూపి, “విరిగినది తొడయెముక మెడ” అని మా నాయనగారితో చెప్పెను. “ఎముకకు మెడ యుండునా?” అని నేను అడిగితిని. ఆయన నవ్వి, నన్ను దగ్గరకు పిలిచి, ఓపికతో కొన్ని విషయములు చెప్పెను. ఆయన చెప్పినవియు, పిమ్మట నేను గ్రంథములలో చదివినవియు చేర్చి మీకు తెలుపుచున్నాను.

మీ నడుమునకు దిగువ రెండు ప్రక్కలను చేతులు ఆనించి చూడుడు. గట్టిగా తగులు అంచు తుంటియెముకది. కుడియెడమల తుంటియెముకలు ముందు భాగమున ఒకదానితో నొకటి కలియును. వెనుక వెన్నెముక చివర నుండు త్రికాస్థితో కలియును. ఇట్లేర్పడిన వలయము కుండను నిలుపు కుదురువలె పొట్టలోని అవయవములకు ఆధారమగుచున్నది. ప్రతి తుంటియెముకయు మూడెముకల కూడిక. పైనున్నది ఇలియమ్, మనము కూర్చుండునప్పుడు పీటకు తగులునది ఇస్కియమ్, ముందున్నది ప్యూబిస్. బాల్యమున ఈ మూడింటి నడుమ మృదులాస్థి యుండును. మీ యీడు బాలబాలికలలో పలువురకు ఈ మూడును ఇంకను పూర్తిగా అతుకుకొని యుండవు. మీ శరీరమును మోయు ఇల్లు ఇప్పుడే కట్టబడుచున్నదని దీని భావము.

ఈ మూడెముకలు కలియు చోట వెలుపలి వైపున ఒక గుంట కలదు. పూర్వము రోమనులు వెనిగరు పోసి యుంచుకొను చిన్నగిన్నెను ఇది పోలియుండుటచే దానికి ఆ గిన్నె పేరే పెట్టిరి. ఆ గిన్నెలో తొడయెముక తల బంతివలె ఇమిడి తిరుగుచుండును. అందుచేతనే కాలిని ముందునకు, వెనుకకు, ప్రక్కలకు చాపగలము. లోనికి, వెలుపలికి త్రిప్పగలము. బంతి జారిపోకుండ బలమైన నారకట్టులు చుట్టును బిగించి యున్నవి. వానిలో ముందు భాగమున తలక్రిందులైన ‘వై’ అక్షరమును పోలిన కట్టు మన దేహమందలి నారకట్టులన్నిటిలో మిక్కిలి దృఢమైనది.

తొడయెముక మానవదేహమున మిక్కిలి పొడవైనది. మనుష్యుని ఎత్తులో సుమారు నాలుగవ వంతు ఇదియే. దాని కాడ నేరుగా బంతిని చేరదు. బంతికిని కాడకును నడుమ ఏటవాలుగ నొక మెడ యున్నది. పెద్దవారిలో ఈ మెడ కాడతో సుమారు 125 డిగ్రీల కోణము చేయును. మెడ ఏటవాలుగ నుండుటచే కాలు విశాలముగ కదలగలదు. కండరములకును మంచి పట్టు దొరకును. కాని పైనుండి దిగు బరువంతయు ఆ వాలుమెడపైననే పడును. సౌకర్యమును, అపాయమును ఒక్కచోటనే యున్నవి.

ఎముకలు తమంతట తాము నిలువజాలవు. వానిని నిలుపునవి కండరములు. పిరుదునందలి పెద్దకండరము దేహమున మిక్కిలి పెద్దది. మనము కూర్చున్నచోటునుండి లేచునప్పుడు, మెట్లెక్కునప్పుడు, పరుగిడునప్పుడు అది పనిచేయును. తొడ ముందు భాగమున నాలుగు కండరములు కలిసి మోకాటిచిప్పను పట్టి కాలిని చాచును. వెనుకనున్న మూడు కండరములు మోకాలిని మడుచును. లోపలి కండరములు తొడలను దగ్గరకు చేర్చును. నడుము ఎముకలనుండి దిగివచ్చు మరియొక కండరము తొడను పైకెత్తును. తుంటినుండి మోకాటి లోపలి ప్రక్కకు ఏటవాలుగ దిగు సన్నని పట్టీవంటి కండరము దేహమున మిక్కిలి పొడవైనది. మనము బాసిపట్టు వేసికొని కూర్చుండుటకు అది తోడ్పడును. కాలిపై కాలు మడచి కూర్చుండి కుట్టుపని చేయు దర్జీని బట్టి లాటిను భాషలో దానికి పేరు వచ్చినది.

ఇక నొక చిన్న ప్రయోగము. లేచి నిలిచి, కుడిచేతిని కుడి తుంటి అంచునకు కొంచెము దిగువను ఉంచుడు. ఇప్పుడు ఎడమకాలిని నేలనుండి ఎత్తుడు. మీ చేతిక్రింద కండరము బిగియుట తెలియును. అది బిగియనిచో దేహము ఎడమవైపునకు ఒరిగిపోవును. ఇది కావడి మోయుటవంటిది. కావడిబద్దను నడుమ గాక ఒక కొసకు దగ్గరగ భుజముపై నిలిపినచో, పొట్టివైపున ఎక్కువ బరువు కట్టవలెను. భుజము రెండు బరువులను మోయవలెను. ఇక్కడ తుంటికీలే భుజము. దేహభారము పొడవువైపునను, ఈ కండరపు లాగుడు పొట్టివైపునను ఉన్నవి. అందువలన 40 కిలోల బరువుగల బాలుడు ఒంటికాలిపై నిలిచినప్పుడు వాని తుంటికీలుపై సుమారు 100 కిలోల బరువు పడును. నడచునప్పుడు ప్రతి అడుగునను మనము ఒంటికాలిపై నిలుచుచునే యున్నాము గదా!

ఇంతటి భారమును ఆ సన్నని మెడ యెట్లు మోయుచున్నది? 1866లో స్విట్జర్లాండు దేశమందలి జూరిక్ నగరమున మేయర్ అను శరీరశాస్త్రజ్ఞుడు తొడయెముక పైభాగమును నిలువునకోసి చూపెను. లోపల సన్నని ఎముక పలకలు వంపు గీతలవలె తీర్చియుండెను. దానిని చూచిన కుల్మన్ అను ఇంజనీరు విస్మయమొందెను. బరువులనెత్తు క్రేనునందు బలము ప్రసరించు త్రోవలను తాను గీచిన గీతలే అక్కడ కనబడెను! పిదప 1892లో ఊల్ఫ్ అను జర్మను వైద్యుడు, ఎముకపై పడు బరువును బట్టి దాని నిర్మాణము మారుచుండునని గ్రంథము వ్రాసి వివరించెను. ఎముక రాయి కాదు. అది ప్రాణమున్న వస్తువు. పని యున్నచో గట్టిపడును. పని లేనిచో క్షీణించును. బరువు తెలియని అంతరిక్షమున నివసించువారి తుంటియెముకలు, వ్యాయామము చాలనిచో, నెలకు సుమారు నూటికొక వంతు సారమును కోల్పోవుచున్నవి.

నా ప్రశ్నకు సమాధానము ఇక్కడనే యున్నది. యౌవనము ముగియునంతవరకు ఎముకలలో సున్నపు సారము చేరుచుండును. పిమ్మట మెల్లగా తరుగుచుండును. స్త్రీలకు ఏబది యేండ్లు దాటిన పిదప మరింత వేగముగ తరుగును. నాయనమ్మ ఎముకలోని పలకలు పలుచబడి, కొన్ని తెగిపోయియుండెను. రాయి చిన్నదే, ఎముకయే బలహీనము.

సుశ్రుత సంహితయందు తొడయెముక విరిగినవానిని పలకపై పరుండబెట్టి, కదలకుండ మేకులతో నిలుపవలెనని చెప్పబడినది. అది తెలివైన యుపాయమే. కాని వృద్ధులు నెలల తరబడి మంచమున నుండినచో కండరములు కృశించును, పుండ్లు పడును, ఊపిరితిత్తులు చెడును. పైగా బంతిని పోషించు రక్తనాళములలో ఎక్కువ భాగము మెడను అంటియే పైకి పోవుటచే, మెడ విరిగినచో బంతి నిర్జీవము కావచ్చును. అందువలన శస్త్రవైద్యులు నాయనమ్మకు ఆ బంతిని తీసి లోహపు బంతిని అమర్చిరి. మరునాడే ఆమెను పట్టుకొని నిలువబెట్టిరి.

ఇంటికి వచ్చిన పిదప దినమునకు మూడుసార్లు ఆమె గోడ పట్టుకొని కాలిని ప్రక్కకు ఎత్తవలెను. లెక్కపెట్టు పని నాది. మొదట ఐదుమార్లకే అలసిపోయెడిది. “చాలునురా” అనినను నేను విడువలేదు. ఒరిగి ఒరిగి వేయు అడుగులు క్రమముగ నిటారుగ పడజొచ్చెను. సంక్రాంతినాటికి చేతికఱ్ఱతో ఆమె తనంతట తానే వాకిటికి వచ్చి, నేను ముగ్గుగిన్నెను అందీయగా, నిలుచుండియే మా అక్కకు ముగ్గు చుక్కలు చెప్పెను.

బాలబాలికలారా! ముసలితనమున మీరు వాడుకొనవలసిన ధనమును ఎముకలలో దాచుకొను కాలము ఇదియే. పాలు, పెరుగు, రాగులు, నువ్వులు, ఆకుకూరలు తినుడు. ఎండలో ఆడుడు, పరుగెత్తుడు, మెట్లెక్కుడు. మీ యింట వృద్ధులున్నచో నూతిగట్టుమీది పాచిని ఈ దినముననే గీచివేయుడు.