అడవిపంది నియంత్రణలో బోల్ట్ యాక్షన్ రైఫిల్: ఎంపిక, గురి నిర్ధారణ

కృష్ణా డెల్టా మాగాణిలో పంటకు ప్రధాన సకశేరుక శత్రువు ఎలుక. విజయవాడ దాటి కొండపల్లి, మైలవరం వైపు అటవీ సరిహద్దు మెట్టలకు వెళ్లగానే ఆ స్థానం అడవిపందిది. కంకి పాలుపోసుకునే దశలో మొక్కజొన్నను, ఊడలు దిగిన వేరుశనగను ఒక గుంపు రాత్రికి రాత్రే తొక్కి, తవ్వి పాడుచేయగలదు. విసిగిన రైతు పొలం చుట్టూ విద్యుత్ తీగ లాగినచోట పందికి బదులు పొరుగు రైతు ప్రాణం పోయిన ఘటనలు రెండు తెలుగు రాష్ట్రాలలోనూ జరిగాయి. ఈ స్థితిలో "అనుమతితో కాల్పించవచ్చునా? ఏ తుపాకీతో?" అన్న ప్రశ్న విస్తరణ శాస్త్రవేత్తకు తప్పక ఎదురవుతుంది. ఆముదం, కుసుమ వంటి సరిహద్దు పంటల గురించి చెప్పి ఊరుకోవడం దానికి పూర్తి సమాధానం కాదు.

ముందుగా చట్టం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్ వేటను నిషేధిస్తుంది. 2022 సవరణ తరువాత అడవిపంది రెండవ షెడ్యూలులో ఉంది. నిలిచిఉన్న పంటతో సహా ఆస్తికి ముప్పు ఏర్పడినదని నిర్ధారణ అయినప్పుడు, 11(1)(బి) కింద ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గాని, ఆయన అధికారమిచ్చిన అధికారి గాని కారణాలు పేర్కొంటూ లిఖితపూర్వకంగా అనుమతించవచ్చు. 1959 ఆయుధ చట్టం పంటరక్షణకు ప్రధానంగా ఉద్దేశించినది మూతినుంచి మందు దట్టించే తుపాకిని. అది చాలనిచోట ఇతర నున్నగొట్టం తుపాకిని. గొట్టంలో మరలు ఉన్న రైఫిల్ వీటి పరిధిలోకి రాదు. కనుక రైఫిల్ ఎంపిక రైతు సమస్య కాదు, అనుమతి పొందిన నిపుణుడైన షూటర్ సమస్య. ఆ షూటర్ అర్హతను బేరీజు వేసే సమావేశంలో శాస్త్రవేత్త కూర్చోవలసి రావచ్చు.

మనదేశంలో ఎక్కువగా కనిపించే బోల్ట్ యాక్షన్ వేట రైఫిల్ పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారుచేసే .315. వలస పాలనలో .303 వంటి సైనిక తూటాలు పౌరులకు అందకుండా చేసినందున ఈ కొలత వాడుకలోకి వచ్చింది. యంత్రాంగం లీ ఎన్‌ఫీల్డ్ సంప్రదాయానిది. బరువైన గుండు, మధ్యస్థ వేగం: వంద మీటర్లలోపు అడవిపందికి ఇది చాలు. అంతకంటే వేగవంతమైన .30-06 అవసరం మన మెట్టలలో అరుదు. దాని గుండు చేరే దూరమే అదనపు ప్రమాదం. .22 మాత్రం పూర్తిగా అనుచితం. గాయపడి తప్పించుకున్న పంది జంతుహింసకే కాదు, మరునాడు చేనులోకి వెళ్లే కూలీల ప్రాణాపాయానికీ కారణమవుతుంది.

పాత రైఫిల్ పరీక్షలో గొట్టం లోపలి తుప్పు, మూతి అంచు నొక్కులు, బోల్ట్ బిగింపు, టెలిస్కోపు మరలు చూడాలి. మన ప్రాంతంలో వీటికి తోడు చెక్కను కూడా చూడాలి. వర్షాకాలపు తేమకు చెక్క ఉబ్బి గొట్టాన్ని ఒకవైపు నొక్కితే వేసవిలో సరిచేసిన గురి కార్తీకానికి తప్పుతుంది. అందువల్ల గురిపరీక్ష ఏ నెలలో జరిగినదో నమోదుచేయడం అవసరం.

ఇక గురి నిర్ధారణ. గుండ్లు పడిన గుంపు కేంద్రం ఒక సంగతి, గుంపు బిగువు మరొకటి. కేంద్రం పక్కకు తొలగితే టెలిస్కోపుతో సరిచేయవచ్చు. బిగువు లేకపోతే ఆ సర్దుబాటు పనికిరాదు. షూటర్లు సాధారణంగా మూడు గుండ్ల గుంపు చూపి, రెండు దూరపు రంధ్రాల మధ్య ఎడమే రైఫిల్ నాణ్యత అంటారు. క్షేత్రప్రయోగాలు చేసినవారికి ఇందులోని లోపం వెంటనే తెలియాలి: ఆ ఎడమ కేవలం వ్యాప్తి, పునరావృతాలు పెరిగినకొద్దీ అదీ పెరుగుతుంది. అడ్డం, నిలువు దోషాలు సమాన సామాన్య విభాజనంలో ఉన్నాయనుకుంటే, సగటు వ్యాప్తి మూడు గుండ్లకు ప్రామాణిక విచలనానికి 2.4 రెట్లు, ఐదింటికి 3.1, పదింటికి 3.8. అదే రైఫిల్, అదే తూటా. పది గుండ్ల గుంపు మూడింటికంటే సగటున దాదాపు 58 శాతం పెద్దది. మూడు గుండ్ల గుంపులలోనే ఒకటి మరొకదానిలో సగం ఉన్నా ఆశ్చర్యం లేదు. జేబులో పెట్టుకు తిరిగే చిన్న గుంపు కాగితం ఏరి తెచ్చిన నమూనాయే. కేంద్రంనుంచి ప్రతి రంధ్రానికి గల దూరాల సగటు తీసుకుంటే అన్ని గుండ్ల సమాచారమూ వినియోగమవుతుంది.

కోణంలో ఒక నిమిషం వంద మీటర్ల వద్ద 2.9 సెంటీమీటర్లు. మూడు నిమిషాల గుంపు ఇచ్చే సాధారణ రైఫిల్ కూడా 50 మీటర్లలో నాలుగున్నర సెంటీమీటర్ల లోపే ఉంటుంది. పంది మర్మస్థానాన్ని 15 సెంటీమీటర్ల వృత్తంగా భావిస్తే, తప్పు రైఫిల్‌ది కాక చేతిదే అవుతుంది. అందుచేత బల్లపై ఆనించి కాల్చిన ఫలితం కంటే, రాత్రి, దీపపు వెలుగులో, మోకాలిపై కూర్చుని ఆ వృత్తాన్ని కొట్టగలిగినదీ లేనిదీ ముఖ్యం. పదికి పది తగిలినా, 95 శాతం విశ్వాసంతో చెప్పగలిగేది వైఫల్యం 26 శాతం మించదని మాత్రమే. ముప్ఫైకి ముప్ఫై తగిలితే ఆ పరిమితి 10 శాతానికి దిగుతుంది. ఇన్ని తూటాలు ఖర్చా అని కొందరు అభ్యంతరపెడతారు. పదింటిలో ఒక గాయపడిన పంది ఖరీదు దానికంటే ఎక్కువ. పరీక్షలో మొదటి గుండును విడిగా నమోదుచేయాలి. చేనులో చల్లని గొట్టంనుంచి వెలువడేది అదే.

దిగువ డెల్టాకు ఈ సలహా యథాతథంగా వర్తించదు. మెట్టలో గుట్ట గుండును ఆపుతుంది. ఇక్కడ కాలువ గట్టు తప్ప ఆపేది లేదు, ప్రతి గట్టు వెనుకా ఊరుంది. రైఫిల్ గుండు మూడు నాలుగు కిలోమీటర్లు పోగలదు, నీరు నిలిచిన మడిని తక్కువ కోణంలో తాకితే ఎగిరి దారి మళ్లుతుంది. నిలబడి మీటరున్నర ఎత్తునుంచి 50 మీటర్ల దూరపు పందిని, నేలకు 40 సెంటీమీటర్ల ఎత్తున, దాటిన గుండు మరో 18 మీటర్ల తరువాత నేలను తాకుతుంది. నాలుగు మీటర్ల మంచెనుంచి అయితే అయిదారు మీటర్లలోనే. అయినా కోణం నాలుగు డిగ్రీలే. దూరాన్ని 25 మీటర్లకు తగ్గిస్తే కోణం ఎనిమిది డిగ్రీలవుతుంది. ఆ దూరంలో రైఫిల్ అవసరమే లేదు, 12 బోర్ తుపాకి చాలు. పంది వెనుక మట్టిగట్టు కనబడనిచోట, నీటిమడి ఉన్నచోట ఏ తుపాకితోనైనా కాల్పునకు శాస్త్రవేత్త సిఫారసు చేయరాదు.