టంకము వేయు విధానము

విద్యుత్ పరికరములను స్వయముగా నిర్మింపగోరు విద్యార్థి మొదట కొనునది పుస్తకము కాదు. 25 వాట్ల సోల్డరింగు ఐరను. కొన్న దినముననే దానిని వేడిచేసి రెండు తీగలను అతికించి, విద్య వచ్చినదని సంతోషించును. మేమును అట్లే సంతోషించితిమి. ఆ సంతోషము ఎంతకాలము నిలిచినదో ముందు చెప్పి, పిమ్మట పాఠమునకు వచ్చెదము.

కడపలో మా మిత్రుని ఇంటికి కొళాయి నీరు ఒక వేసవిలో దినము విడిచి దినము, అదియు తెల్లవారుజామున ఏదో ఒక వేళ వచ్చుచుండెడిది. అతని నానీ నిద్ర మానుకొని కాచుకొని కూర్చుండెడిది. ఆమె శ్రమ తగ్గింపవలెనని, నీరు తగులగానే మ్రోగు గంట నొకదానిని కర్నూలులో తయారుచేసితిమి. కొళాయి క్రింది తొట్టిలో దగ్గర దగ్గరగా రెండు తీగ కొనలు. నీరు వానిని కలుపగానే స్వల్ప విద్యుత్తు బి.సి. 547 ట్రాన్సిస్టరు బేసునకు చేరి బజరును మ్రోగించును. 9 వోల్టుల బ్యాటరీ, రెండు నిరోధకములు, అంతే. మొత్తము అతుకులు 11.

కడపకు తీసికొనిపోయి, తొట్టిలో చెంబెడు నీరు పోసి చూచితిమి. చక్కగా మ్రోగినది. పలకను గోడమేకునకు తగిలించి నిశ్చింతగా నిద్రించితిమి. ఉదయము లేచునప్పటికి నానీ ఖాళీ బిందెల ప్రక్కన కూర్చుండియున్నది. “నీళ్లొచ్చి పోయినాయి బేటా, మీ గంట గూడా నిద్రపోయినట్టుంది” అని మాత్రమే అన్నది. కోపించియున్నచో మాకు కొంత ఊరటగా నుండెడిది. ఆ దినము మూడు వీధుల ఆవల నుండి బిందెలు మోసినది మేమే.

పలకను విప్పి చూడగా, బేసునకు పోవు నిరోధకము కాలు టంకపు ముద్దలో పంటిలో పుల్లవలె కదలుచున్నది. మేకునకు తగిలించునప్పటి కుదుపు చాలినది. పైకి అది గుండ్రముగా నిగనిగలాడుచున్నదే! లోపల అతుకు లేదు.

ఏల అతుకలేదు? దీనికి సమాధానము ప్రయోగశాలలో కంటె ముందు మన వీధులలో దొరకును. రాగి పాత్రలకు కళాయి వేయువాని పని మన పెద్దలందరును చూచినదే. అతడు పాత్రను ఇసుకతో తోమి, బొగ్గుల బట్టీపై కాల్చి, నవాసారము చల్లును. తెల్లని పొగ లేచును. అప్పుడే తగరపు కడ్డీని తాకించి దూదితో నలువైపులకు రుద్దును. (ఉర్దూలో దీనిని నౌషాదర్ అందురు, మన నవాసారమునకు దానితో చుట్టరికము వినగానే తెలియును. టాంకా, టంకము కూడ అట్టివే.) నవాసారము లేనిచో తగరము తామరాకుపై నీటిబొట్టువలె దొరలిపోవును. కారణమేమన, వేడి రాగిపై గాలి తగిలి ఆక్సైడు పొర ఏర్పడును. కరగిన తగరము లోహమును పట్టును గాని ఆ పొరను పట్టదు. పొర తొలగినచోట తగరమును రాగియు కలిసి సన్నని క్రొత్త మిశ్రధాతువు పుట్టును. అతుకనగా అదియే. అది జిగురు కాదు.

ఎలక్ట్రానిక్సులో నవాసారము పనికి రాదు. దాని క్లోరైడు శేషము తేమ సోకగానే రాగిని పచ్చగా తినివేయును. మనకు టంకపు తీగ నడుమ ఉండు రోజిన్ చాలును. అది పైన్ చెట్టు బంక నుండి తీసినది. మేము వాడిన నిరోధకమో, పాత రేడియో నుండి ఊడదీసినది, కాళ్లు నల్లబడియుండెను. బ్లేడుతో గీకి మెరిపించిన తరువాతనే వాడవలసినది. అది మొదటి తప్పు.

రెండవది ఇంకను పెద్దది. ఐరను మొనపై టంకమును కరగించి, చెంచాతో సున్నము మోసినట్లు మోసికొనిపోయి అతుకుపై పెట్టితిమి. త్రోవలోనే రోజిన్ కాలిపోవును. చల్లని తీగపై టంకము గడ్డకట్టును. చేయవలసిన తీరు వేరు. మొనను తడిగుడ్డపై తుడిచి, దానికి పలుచగా టంకము పూయవలెను. ఆ మొనను తీగకును పలకపై రాగికిని ఒకేసారి తాకునట్లు ఆనించి, ఒక క్షణము ఆగి, టంకపు తీగను మొనకు కాక వేడెక్కిన సంధికి అందింపవలెను. అది తనంతట తాను పారును. ముందు టంకపు తీగను, పిమ్మట ఐరనును తీయవలెను. అంతయు రెండు మూడు సెకనుల పని. ఎక్కువసేపు ఉంచినచో రాగి చుట్టు పలక నుండి ఊడి లేచును.

మూడవ తప్పు మన రాయలసీమ ఎండది. వేసవి మధ్యాహ్నమున కర్నూలులో ఫ్యాను లేక ఎవరు కూర్చుండగలరు? ఆ గాలి మొనను చల్లార్చును. టంకము గట్టిపడుచున్న క్షణమున సన్నని తీగను కదలించును. తగరము 232 డిగ్రీల సెల్సియసు వద్ద, సీసము 327 వద్ద కరగును. 63 పాళ్లు తగరము, 37 పాళ్లు సీసము కలిసినచో 183 వద్దనే కరగి, అక్కడనే ఒక్కసారిగా గట్టిపడును. సాధారణముగా దొరకు 60–40 టంకము మాత్రము కొన్ని డిగ్రీల మేర జావవలె నుండును. ఆ స్థితిలో కదలినచో లోపల బీటలు వారును. అతుకు వేయునంతసేపు ఫ్యాను ఆపి చెమటోర్చుటయే మార్గము.

మంచి అతుకు అంచులు గుడారము అంచువలె లోనికి వంగి రాగిపై పరచుకొనును. తీగ ఆకారము పైకి కనబడుచుండును. మెరుపును మాత్రము నమ్మరాదు. ఐరోపా సమాఖ్య 2006 జూలై 1 నుండి క్రొత్త ఎలక్ట్రానిక్ పరికరములలో చాలవరకు సీసమును కట్టడి చేసిన పిదప వ్యాపించిన సీసము లేని టంకము, అతుకు బాగున్నను మసకగానే యుండును. అది 217 డిగ్రీల ప్రాంతమున కరగును గనుక ఐరను వేడియు ఎక్కువ కావలెను.

మరమ్మతు అంగళ్లలో కొందరు టంకపు తీగను పండ్ల నడుమ పట్టుకొందురు. రెండు చేతులును పనిలో నుండును గదా! ఇది చూచి నేర్వదగిన విద్య కాదు. ఐరను వేడికి సీసము చెప్పదగినంతగా ఆవిరి కాదు. అది వ్రేళ్ల నుండి నోటికి చేరును. సబ్బుతో చేతులు కడుగక ఏమియు తినరాదు. లేచు పొగ రోజిన్‌ది. ఉబ్బసము గలవారికి అది మిక్కిలి కీడు. మొనను ఆకురాయితో అరగదీయుటయు పాత రాగి మొనల నాటి అలవాటు. నేటి మొనలకు ఇనుపపూత యుండును. అది పోయిన మొన కొలది దినములలో గుంటలు పడును.

ఆ సాయంత్రము మిత్రుని ఇంట ఫ్యాను ఆపి పదునొకండు అతుకులను మరల వేసితిమి. ఒక్కొక్క తీగను శ్రావణముతో మెల్లగా లాగి చూడగా, అదివరకు మంచివనుకొన్న వానిలో మరి రెండు ఊడివచ్చినవి. మరల నీరు వచ్చిన తెల్లవారుజామున గంట మ్రోగినది. నానీ మొదట బిందెలు పెట్టి, ఆ తరువాత మమ్ములను లేపినది.