డ్రైవర్ లేని కార్లు: ఏ కంపెనీది ఏ దారి?

వాహనాల స్వయంచాలనను ఎస్‌ఏఈ ఇంటర్నేషనల్ సంస్థ 0 నుంచి 5 వరకు ఆరు స్థాయులుగా వర్గీకరించింది. స్థాయి 2 వరకు బాధ్యత డ్రైవర్‌దే. స్థాయి 3లో వాహనం కోరగానే మనిషి స్టీరింగ్ అందుకోవాలి. స్థాయి 4లో నిర్ణీత పరిధిలో ఆ అవసరమూ ఉండదు.

ముఖ్యాంశాలు

- వేమో: 2009లో గూగుల్ ప్రాజెక్టుగా మొదలైంది. మాతృసంస్థ ఆల్ఫాబెట్. లైడార్ (లేజర్ సెన్సర్), రాడార్, కెమెరాలు మూడూ వాడుతుంది. 2020లో ఫీనిక్స్ ప్రాంతంలో డ్రైవర్ లేని ట్యాక్సీలను ప్రజలకు అందుబాటులోకి తెచ్చింది.
- టెస్లా: లైడార్ లేకుండా కెమెరాలనే నమ్ముకుంది. 2025 జూన్‌లో ఆస్టిన్‌లో రోబోట్యాక్సీ సేవలు ప్రారంభించింది.
- హోండా: 2021 మార్చిలో జపాన్‌లో స్థాయి 3 కారు 'లెజెండ్'ను విడుదల చేసింది.
- మెర్సిడెస్ బెంజ్: స్థాయి 3 'డ్రైవ్ పైలట్'కు 2021 డిసెంబరులో జర్మనీ అనుమతి పొందింది.
- వెనక్కి తగ్గినవారు: ఫోర్డ్, ఫోక్స్‌వ్యాగన్ పెట్టుబడులున్న ఆర్గో ఏఐ 2022లో మూతపడింది. తన అనుబంధ సంస్థ క్రూజ్ రోబోట్యాక్సీలకు నిధులు ఆపుతున్నట్లు జనరల్ మోటార్స్ 2024 డిసెంబరులో ప్రకటించింది.

మార్కెట్ ధోరణి: భారీ పెట్టుబడి, భద్రతా నిబంధనలు, ప్రజల నమ్మకం విస్తరణ వేగాన్ని నిర్ణయిస్తున్నాయి. అందుకే సొంత కార్లలో స్థాయి 2 సహాయక వ్యవస్థలు, ట్యాక్సీల్లో స్థాయి 4 ముందుకు వస్తున్నాయి.

గమనిక: పరీక్షల్లో స్థాయి 3, 4 మధ్య తేడాపై ప్రశ్నకు అవకాశం ఎక్కువ. అభ్యర్థులు దాన్ని క్షుణ్నంగా చదవాలి.